అమ్మవారి నోరు మూయించిన ఏడాది

ఫోన్‌లో కథలు చదివే యాప్ ఒకదానిలో నేను సీరియల్ రాస్తున్నాను. అందులో దేవుళ్ళ మహిమను లాగేసే ముఠా ఒకటి ఉంటుంది. బూడిదరంగు బట్టలు కట్టుకుని గుడిగుడికీ తిరిగి, విగ్రహాల్లోంచి శక్తిని పీల్చి, గాజు సీసాల్లో బిగించి పట్టుకుపోతారు. సీసాల ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో పెద్దగా ఆలోచించక్కర్లేదు. నేను పనిచేసేది రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో. పొద్దున తొమ్మిదింటి నుంచి సాయంత్రం ఐదింటి దాకా నా కళ్ళముందు ఉండేవి సీసాలే.

నా సీరియల్‌కి మొదటి శ్రోత మా అత్తగారు. ఫోన్‌లో అక్షరాలు ఆవిడ కళ్ళకి ఆనవు. అందుకని ఆదివారం మధ్యాహ్నం ఆవిడ పెరటి గుమ్మంలో పీట వేసుకుని రొయ్యలు ఒలుస్తుంటే నేను పక్కన కూర్చుని చదివి వినిపిస్తాను. మెచ్చుకుంటుందని ఆశపడటం నాదే తప్పు.

"దేవత మహిమ సీసాలో పట్టేంతే అయితే అంత పెద్ద గుడెందుకే ఆవిడకి?" అంది ఒకరోజు, రొయ్య తల గిల్లుతూ.

"కథ అత్తయ్యగారూ. కథలో అలాగే ఉంటుంది" అన్నాను.

"కథైతే మాత్రం? పట్టుకెళ్ళినోడికి అందులో ఏవుందో తెలియాలా వద్దా?"

నాకు ఒళ్ళు మండింది. కోపం వస్తే నేను మాట్లాడను, గిన్నెలు తోముతాను. ఆ మధ్యాహ్నం కడిగిన గిన్నెలు కూడా మళ్ళీ తోమాను. అసలు కోపం ఆవిడ మీద కాదు. పదమూడు భాగాలు గడగడా రాసేసి పద్నాలుగో దాని దగ్గర ఆగిపోయాను. ముఠా నాయకుడు పెద్దమ్మవారి గుడి ముందుకి వచ్చి నిలబడ్డాడు. ఆవిడ శక్తిని ఎలా లాగాలో వాడికీ తెలియలేదు, నాకూ తెలియలేదు. రోజూ ఎవరో ఒకరు కింద కామెంట్లలో "తర్వాతి భాగం ఎప్పుడు మేడమ్?" అని అడుగుతూనే ఉన్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఇంట్లో అసలు ముఠా తయారైంది. మావయ్యగారు, మావారు, కాకినాడలో గుండె డాక్టరుగారు, నేను. మొత్తం నలుగురం. బూడిదరంగు బట్టలు మాత్రం కట్టుకోలేదు.

మేము లాగేయాలనుకున్నది మా అత్తగారి మీదకి వచ్చే అమ్మవారిని.

యానాంలో మా వీధికి ఏటా ఎండలు ముదిరే రోజుల్లో గరగలు వస్తాయి. పాము పడగలున్న ఇత్తడి కుండను అమ్మవారి రూపమని తలకెత్తుకుని, చేత్తో పట్టుకోకుండా ఆడుతూ ఇల్లిల్లూ తిరుగుతారు. ముందు డప్పులు నడుస్తాయి. ప్రతి గుమ్మంలోనూ ఆడవాళ్ళు గరగ ఎత్తుకున్నాయన కాళ్ళ మీద బిందెడు పసుపు నీళ్ళు పోస్తారు. మా మలుపు దగ్గరికి వచ్చేసరికి డప్పుల దరువు మారుతుంది. అమ్మవారి దరువు అంటారు దాన్ని. ఆ దరువు మొదలవగానే మా అత్తగారి చేతిలో బిందె జారి కిందపడుతుంది. జుట్టు విడిపోతుంది. ఆవిడ ఎగురుతుంది.

నేను కాపురానికి వచ్చిన ఏడాది మొదటిసారి చూసి గోడకి అతుక్కుపోయాను. అప్పటిదాకా నేనెరిగిన అత్తగారు భర్త ఎదురుగా కుర్చీలో కూర్చోదు. ఆయన తిన్నాకే తింటుంది. ఏదైనా అడగాలంటే కొడుకు చేత అడిగిస్తుంది. అలాంటి మనిషి నడివీధిలో నిలబడి ఆయన్ని వేలు పెట్టి చూపిస్తూ "ఒరేయ్, ఇలా రారా!" అంది.

మావయ్యగారు సర్కారు ఆఫీసులో పెద్ద గుమస్తాగా పనిచేసి రిటైరైన మనిషి. ఎవరి మాటా వినే రకం కాదు. అలాంటాయన చొక్కా విప్పి చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. మా వీధి పద్ధతి ఏమిటంటే ఇంటి పెద్ద "ఏం కావాలి తల్లీ?" అని అడగాలి. అమ్మవారు ఏం చెబితే దానికి "అలాగే తల్లీ" అనాలి. మాట ఇచ్చాక తప్పడానికి లేదు. వీధి వీధంతా సాక్ష్యం. ఎదురింటి కేథలిక్ మామ్మగారు కూడా జపమాల చేత్తో పట్టుకునే వచ్చి వినేది.

ఇంటికి మరుగుదొడ్డి కట్టించింది అమ్మవారే అని మావారు చెబుతారు. వాళ్ళ చెల్లెల్ని డిగ్రీలో చేర్పించిందీ ఆవిడేనట. నా పెళ్ళయిన రెండో ఏట "కోడల్ని పనికి పంపరా. అది చదివిన చదువు ఉట్టి మీద పెట్టడానికా?" అని అడిగింది. "అలాగే తల్లీ" అన్నారు మావయ్యగారు. వారం తిరక్కుండా నేను ల్యాబ్‌లో చేరాను.

అమ్మవారు ఆ మాటన్న మర్నాడు అత్తగారు మోకాళ్ళకి నూనె రాసుకుంటుంటే మెల్లగా అడిగాను. "అత్తయ్యగారూ, నిన్న నా గురించి పలికింది అమ్మవారా, మీరా?"

"నాకేం గుర్తుండుద్దే? ఒళ్ళు పులిసిపోయింది. ఆ నూని గిన్ని ఇలా జరుపు" అంది. నావైపు చూడలేదు. నేను కెమిస్ట్రీ చదివినదాన్ని, ఇలాంటివి నమ్మేదాన్ని కాదు. కానీ ఆ తర్వాత మళ్ళీ ఆ ప్రశ్న అడగలేదు. ఉద్యోగం ఇప్పించినవాళ్ళెవరైతేనేం అనుకున్నాను.

చలికాలంలో అత్తగారికి గుండెలో నొప్పి వచ్చింది. కాకినాడ తీసుకెళ్తే స్టెంట్ వేశారు. డాక్టరుగారు జాగ్రత్తలన్నీ చెప్పాక మావయ్యగారు గొంతు సవరించుకుని పూనకం సంగతి చెప్పారు. డాక్టరుగారు నవ్వలేదు. "ఎగరడం, ఊగడం అసలు కుదరదండి. ఈసారి నొప్పి వస్తే మనిషి దక్కకపోవచ్చు" అన్నారు.

ఇంటికొచ్చాక గరగలు వచ్చే రోజు ఆవిణ్ణి ఎక్కడికైనా పంపేద్దామా అనుకున్నాం. ఆవిడ వెళ్ళదు. గదిలో పెట్టి గొళ్ళెం పెడదామా? పాపం. అప్పుడు నాకే తట్టింది. దరువు వింటేనే కదా అమ్మవారు వచ్చేది? దరువే లేకపోతే?

డప్పుల పెద్దాయన ఇంటికి స్కూటీ మీద నేనే వెళ్ళాను. విషయమంతా చెప్పాను. ఆయన చాలాసేపు తల గోక్కున్నాడు.

"అమ్మకి కోపం రాదాండీ?"

"అత్తయ్యగారి ప్రాణం బాబాయ్. డాక్టరుగారు చెప్పారు."

"ప్రాణవంటే ఇంకేం మాటాడతావండీ. మీ మలుపు కాణ్ణించి నాలుగిళ్ళు దాటేదాకా చెయ్యి ఆపేత్తాం. ఆయ్, ఒట్టండీ" అన్నాడు.

సంతోషంగా తిరిగొచ్చాను. దారిలో పద్నాలుగో భాగం కూడా తోచింది. సీసాలు కాదు, శబ్దం! ముఠావాళ్ళు గుడి గంట నాలుక కోసేస్తారు. గంట కొట్టి పిలిచేవాళ్ళు లేక దేవత శక్తి ఆరిపోతుంది. ఇంటికి వెళ్ళగానే రాసి పెట్టేశాను. లైకులు బాగా వచ్చాయి. ఆ వారమంతా నా అంత తెలివైనది యానాంలో లేదనుకున్నాను.

ఇక్కడ నేను గమనించని సంగతి ఒకటి చెప్పాలి. గమనించలేదంటే విన్నాను, పట్టించుకోలేదు.

ఊరి శివారు అడవిపొలంలో అత్తగారికి అర ఎకరం కొబ్బరితోట ఉంది. పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చింది. అందులో ఒక బోరు ఉంది, తియ్యటి నీళ్ళు. చుట్టుపక్కల నాలుగైదు ఇళ్ళవాళ్ళు తాగడానికి అక్కడే పట్టుకుంటారు. ఆ తోటకి మూడువైపులా రొయ్యల చెరువులు వచ్చేశాయి. అందులో ఒక చెరువు వేసినాయన వచ్చి తోటని కూడా చెరువుకి లీజుకి అడిగితే మావయ్యగారు సరేననేశారు. గరగలు వెళ్ళిన మర్నాడే జేసీబీ వస్తుందని భోజనాల దగ్గర చెప్పారు.

అత్తగారు ఆయన కంచంలో మజ్జిగ పోస్తూ "గరగలు రానివ్వండి, చూద్దాం" అంది. అంతే.

ఆ మర్నాడు నాతో "అడవిపొలం బోరు నీళ్ళు ఓ సీసాడు పరీచ్చ చేసి పెట్టవే" అని కూడా అంది. సీసా తానే నింపించి తెప్పించి ఇచ్చింది. నేను దాన్ని స్కూటీ డిక్కీలో పడేసి మర్చిపోయాను. ఊళ్ళో అందరి చెరువుల నీళ్ళూ పరీక్షిస్తాను, ఇంట్లో మనిషి ఇచ్చిన సీసాకి మాత్రం తీరిక లేదు. సీరియల్ రాయడానికైతే ఉంది.

గరగలు వచ్చే రోజు పొద్దున్నే అత్తగారు తలంటుకుంది. పసుపు చీర కట్టుకుంది. బిందెలో పసుపు కలిపి వేపమండ వేసి గుమ్మంలో నిలబడింది. మావారు ఆవిడ వెనకే పట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నారు. నేను కొంగులో నాలుక కింద పెట్టుకునే మాత్ర ఒకటి కట్టుకున్నాను. వీధి జనం మామూలుగానే మా గుమ్మం దగ్గరికి చేరారు. ఎదురింటి మామ్మగారికి కుర్చీ కూడా వేశారు.

డప్పులు దూరం నుంచి వినిపించాయి. దగ్గరయ్యాయి. మలుపు దగ్గరికి వచ్చి ఆగిపోయాయి.

అంత నిశ్శబ్దం మా వీధిలో నేనెప్పుడూ వినలేదు. గజ్జెల చప్పుడు తప్ప ఏమీ లేదు. గరగ మోసే ఆయన మా గుమ్మం ముందు నిలబడి దిక్కులు చూశాడు. డప్పుల పెద్దాయన తల దించుకున్నాడు. అత్తగారు బిందె ఎత్తుకుని కళ్ళు మూసుకుని ఎదురుచూస్తోంది. ఆవిడ పాదం వేళ్ళు నేలని నొక్కుతున్నాయి, పెదవులు కదులుతున్నాయి. అమ్మవారు వస్తుందేమోనని నేను ఆవిడ పక్కకి జరిగాను. రాలేదు. కొంతసేపటికి ఆవిడ కళ్ళు తెరిచి డప్పుల వైపు చూసింది. తర్వాత నావైపు చూసింది.

నేను చూపు తిప్పుకున్నాను. దానితో ఆవిడకి అర్థమైపోయింది.

ఆ ముఖం నేను మర్చిపోలేను. కోపం కాదు. బస్సెక్కాల్సిన మనిషి, బస్సు వెళ్ళిపోయాక స్టాండులో సంచీతో నిలబడ్డట్టు నిలబడింది. అప్పుడు తట్టింది నాకు. మజ్జిగ పోస్తూ అన్న మాట, డిక్కీలో సీసా, మర్నాడు రాబోయే జేసీబీ అన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. ఆవిడకి ఏడాదికొక్కసారి దొరికే నోరు అది. గుండె కాపాడుతున్నాననుకుంటూ దాన్ని నేనే మూయించాను. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

అత్తగారు బిందె వంచి గరగ ఎత్తుకున్నాయన కాళ్ళ మీద నీళ్ళు పోసింది. సగం నీళ్ళు పక్కకి పోయాయి. మావయ్యగారు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని "అయిపోయింది కదా, ఎండగా ఉంది, లోపలికి పద" అన్నారు.

ఆవిడ కదల్లేదు. ఖాళీ బిందె కింద పెట్టింది. జుట్టు ముడి సరిచేసుకుంది.

"ఏవండీ" అంది.

చిన్న గొంతు. కానీ డప్పులు లేవు కదా, మలుపు దాకా వినిపించింది.

"ఆ తోట చెరువుకి ఇవ్వొద్దండి."

మావయ్యగారు ముందు అర్థం కానట్టు చూశారు. "లోపల మాట్లాడుకుందాం" అన్నారు.

"లోపలైతే నేను మాటాడలేనండి. ఇక్కడే చెప్తాను. అది మా నాన్న నాకిచ్చింది. ఆ నీళ్ళు తాగి నాలుగిళ్ళోళ్ళు బతుకుతున్నారు. చెరువు తవ్వితే బోరు ఉప్పెక్కిపోద్ది. మీరు మాటిచ్చేసేరు, నన్నడగలేదు. నేనొప్పుకోనండి."

అన్నీ ఒకే ఊపిరిలో అనేసింది. చెంగు కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉంది. గొంతులో అమ్మవారి గర్జన లేదు. "ఒరేయ్" లేదు. ప్రతి మాట చివరా "అండి" ఉంది.

ఎదురింటి మామ్మగారు కుర్చీలోంచి ముందుకి వంగి "పలుకుతున్నారా వదినా? అమ్మవారేనా?" అని అడిగింది.

"కాదొదినా. నేనే" అంది అత్తగారు.

ఎవరూ కదల్లేదు. ఇన్నేళ్ళుగా ఆ గుమ్మం ముందు, ఆ వేళకి, ఆవిడ మాట వినడం వాళ్ళకి అలవాటు. మావయ్యగారికీ అలవాటే. ఆయన చేతులు వాటంతట అవే గుండెల దాకా లేచి దగ్గరకి చేరబోయాయి. అది ఆయనకే తెలిసి మధ్యలో ఆపేశారు. అటూ ఇటూ చూశారు. వీధంతా ఆయన వైపే చూస్తోంది. ఆ "తల్లీ" అన్న మాట నోటి చివరిదాకా వచ్చి ఉంటుంది, మింగేశారు.

"అలాగేలే" అన్నారు.

డప్పుల పెద్దాయన నాకు వేసిన ఒట్టు మర్చిపోయాడో, ఉండబట్టలేకపోయాడో, డప్పు మీద ఒక్క దెబ్బ వేశాడు. నేను కంగారుగా కొంగులో మాత్ర తడుముకున్నాను. అత్తగారు ఎగరలేదు. అలసటగా నవ్వి గుమ్మంలో మావయ్యగారి కోసం వేసిన కుర్చీలో కూర్చుంది. ఆయన నిలబడే ఉన్నారు.

జేసీబీ రాలేదు. గరగలు వెళ్ళిన సాయంత్రమే నేను స్కూటీ డిక్కీ తెరిచి సీసా తీశాను. మర్నాడు ల్యాబ్‌లో మొదటి పరీక్ష అదే చేశాను. నీళ్ళు తాగడానికి బాగున్నాయి కానీ ఆ బోరుకి లోగడ మా ల్యాబ్‌లోనే చేసిన పాత చీటీతో పోల్చి చూస్తే ఉప్పు కొద్దిగా పెరిగింది. మూడువైపులా చెరువులుంటే పెరగదా మరి. తోటలో కూడా తవ్వి ఉంటే ఏమయ్యేదో చెప్పడానికి పరీక్ష అక్కర్లేదు. చీటీ తీసుకెళ్ళి అత్తగారికి చదివి వినిపించాను. డప్పుల సంగతి కూడా నా నోటితోనే చెప్పి క్షమించమని అడిగాను. ఏడ్చాను కూడా. ఏడిస్తే నా ముఖం బాగోదు, అయినా ఏడ్చాను.

"ఊరుకోవే. నా పేణం కోసవే కదా చేసేవు" అంది. చీటీ మడిచి కొంగున కట్టుకుని "చెప్పి చేత్తే బాగుండేది" అంది. ఆ రెండో మాట నాకు గట్టిగానే తగిలింది. తగలాలి.

వెళ్ళబోతూ మళ్ళీ ఆగాను. ఎన్నో ఏళ్ళ కిందట అడిగి వదిలేసిన ప్రశ్న నోట్లోనే ఉంది.

"అత్తయ్యగారూ, నిజం చెప్పండి. అప్పట్లో నా ఉద్యోగం గురించి పలికింది అమ్మవారా, మీరా?"

ఈసారి ఆవిడ నావైపు చూసింది. "అప్పుడు ఆవిడ. ఇప్పుడు నేను. ఇద్దరం తప్పు మాట చెప్పలేదు కదా, నీకేంటి బాధ?" అంది. తర్వాత రొయ్యల గిన్నె నా ఒళ్ళోకి తోసి, ఒలవమంది.

పద్నాలుగో భాగాన్ని నేను తీసేయలేదు. ముఠా గంట నాలుక కోసేసింది, దేవత శక్తి పోయింది. పదిహేనో భాగంలో ఆ దేవత మామూలు ఆడదానిలా గుడి మెట్లు దిగి వచ్చి, సంతలో నిలబడి మాట్లాడటం మొదలుపెట్టింది. ముఠా దగ్గర దానికి సీసా లేదు. చదివేవాళ్ళలో ఒకాయన "ఫాంటసీ తగ్గింది మేడమ్" అని రాశాడు. అత్తగారికి చదివి వినిపిస్తే "ఇది బాగుందే" అంది. ఆవిడ నోటి నుంచి ఆ మాట వినడం అదే మొదటిసారి. ఆ రోజు గిన్నెలు ఒక్కసారే తోమాను.

ఈ మధ్య భోజనాల దగ్గర అత్తగారు కూడా మాతోపాటే కూర్చుంటోంది. "ఏవండీ, ఫ్యాను బాగు చేయించాలండి." "ఏవండీ, దరియాలతిప్పలో మా అక్కని చూసొత్తానండి." "ఏవండీ, ఈ నెల నా మందులు మీరే తేవాలండి." రోజుకొకటి ఉంటోంది. మావయ్యగారు అన్నింటికీ "అలాగేలే" అంటున్నారు. నిన్న ఆవిడ వంటింట్లోకి వెళ్ళాక కంచంలోకి చూస్తూ గొణిగారు.

"అమ్మవారే నయం. ఏడాదికొక్కసారే చెప్పేది."

"వినపడుతోందండీ" అంది అత్తగారు లోపల్నుంచి.